గెంతుల లెక్క: నలభై దాటాక మళ్ళీ బాస్కెట్‌బాల్ కోర్టులోకి

పొద్దున్నే ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) మ్యాచ్ చూసిన ఊపులో, సాయంత్రం బూట్లు దులుపుకుని కోర్టుకి వెళ్ళిపోవడం, ఇంజనీరింగ్ కుర్రాళ్ళతో ఫుల్ కోర్టులో రెండు గేములు ఆడెయ్యడం. మన వయసువాళ్ళలో నూటికి తొంభై మంది ఇలాగే మళ్ళీ మొదలెడతారు. ఆ రాత్రి ఏమీ తెలీదు. మర్నాడు మంచం దిగి నాలుగడుగులు వేసేసరికి తెలుస్తుంది. వారం తర్వాత "మోకాలి గుజ్జు అరిగిపోయింది, మన పని అయిపోయింది" అని తీర్మానించేసి, బంతిని మంచం కిందకి నెట్టేస్తారు.

చాలాసార్లు అక్కడ అరిగిపోయింది గుజ్జు కాదు, ఓపిక. ఆయాసం నాలుగైదు వారాల్లో తగ్గిపోతుంది. తొడ కండ గట్టిపడటానికి రెండు మూడు నెలలు కావాలి. మోకాలి చిప్ప కింద ఉండే టెండన్‌కి (కండని ఎముకకి కట్టే తాడు లాంటిది) అంతకన్నా ఎక్కువ పడుతుంది. అంటే "ఇప్పుడు బాగానే ఆడగలను" అని మీకు అనిపించే రోజుకీ, మోకాలు నిజంగా సిద్ధమయ్యే రోజుకీ మధ్య రెండు నెలల తేడా ఉంది. దెబ్బలన్నీ ఆ రెండు నెలల్లోనే తగులుతాయి. ఇంకొకటి: అందరూ ఎంతసేపు ఆడామో చూసుకుంటారు. మోకాలికి గడియారం తెలీదు. అది లెక్కపెట్టేది గెంతుల్ని, సడన్ బ్రేకుల్ని. కాబట్టి మీరూ వాటినే లెక్కపెట్టాలి.

ముందు నొప్పి ఎక్కడో వేలితో చూపించండి

కుర్చీలో కూర్చుని, నొప్పి ఉన్నచోట ఒక్క వేలు పెట్టండి. అది ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి సగం సంగతి తెలిసిపోతుంది.

వేలు చిప్ప కింది కొన మీద పడితే, అది టెండన్ గొడవ. ఆటగాళ్ళు "జంపర్స్ నీ" (గెంతేవాళ్ళ మోకాలు) అంటారు. ఆట మొదట్లో నొప్పి, ఒళ్ళు వేడెక్కాక మాయం, మర్నాడు పొద్దున మళ్ళీ ప్రత్యక్షం. దీనికి పూర్తి విశ్రాంతి మందు కాదు. పడుకుంటే టెండన్ ఇంకా మెత్తబడుతుంది. నెమ్మదిగా బరువు పెంచడమే దీనికి వైద్యం.

ఒక్క వేలితో చూపించలేక అరచేత్తో చిప్పంతా పట్టుకుంటున్నారా? అది చిప్ప వెనక రాపిడి. మెట్లు ఎక్కేటప్పటి కన్నా దిగేటప్పుడు ఎక్కువ, విశాఖ జగదాంబలో మూడు గంటల సినిమా చూసి లేచేటప్పుడు ఇంకా ఎక్కువ. తొడ ముందు కండ, పిర్ర పక్క కండ గట్టిపడితే ఇది బాగా తగ్గుతుంది.

వేలు కీలు లోపలి వైపు, రెండు ఎముకలూ కలిసే గీత మీద పడితే అది అరుగుదల కావచ్చు, మెనిస్కస్ (ఎముకల మధ్య మెత్తలాంటి పొర) చిరగడమూ కావచ్చు. గొంతుక్కూర్చున్నప్పుడు, మఠం వేసుకున్నప్పుడు పట్టేస్తుంది. దీన్ని మాత్రం ఎముకల డాక్టరుకి చూపించుకునే ఆటకి వెళ్ళండి.

డాక్టరు ఎక్స్‌రే రాస్తే, నిలబడి తీయించుకోండి. పడుకోబెట్టి తీస్తే కాలి మీద బరువు పడదు కాబట్టి కీలు సందు ఉన్నదానికన్నా వెడల్పుగా కనిపిస్తుంది. రిపోర్టులో అరుగుదలకి 1 నుంచి 4 దాకా గ్రేడ్ ఇస్తారు. ఆ అంకె చూసి బెంగపడిపోకండి. ఫిల్ములో అరుగుదల కనిపిస్తున్నా నొప్పి లేకుండా తిరిగేవాళ్ళూ, ఫిల్ము శుభ్రంగా ఉన్నా మెట్లు దిగలేనివాళ్ళూ ఉంటారు. 1, 2 గ్రేడుల్లో కండ పెంచుకుని హాయిగా ఆడుకుంటున్నవాళ్ళు బోలెడుమంది. 4 అయితే మాత్రం గెంతే ఆట వదిలేసి షూటింగ్‌తో సరిపెట్టుకోవడం మేలు. అందులోనూ సరదా తక్కువేం కాదు.

కాలు మధ్యలో ఇరుక్కుపోయి చాచలేకపోవడం, నడుస్తుండగా మోకాలు జారిపోయినట్టవడం, దెబ్బ తగిలిన కొన్ని గంటల్లోనే బుస్సున వాయడం, ఆ కాలి మీద నాలుగడుగులు వేయలేకపోవడం: వీటిలో ఏ ఒక్కటున్నా ఈ వ్యాసం పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్ళండి. అలాగే బీపీ, సుగరు ఉన్నవాళ్ళు, మెట్లెక్కితే గుండె పట్టేసినట్టుండేవాళ్ళు, ఇంట్లో చిన్న వయసులో గుండెజబ్బు వచ్చినవాళ్ళున్నవాళ్ళు ముందు గుండె డాక్టరుని కలవండి. మోకాలు రెండో సంగతి.

కోర్టుకి వెళ్ళే అర్హత ఇంట్లోనే తేలుతుంది

భోజనాల బల్ల కుర్చీ తీసుకోండి, మెత్తటి సోఫా కాదు. చేతులు గుండెల మీద కట్టుకుని ఒంటికాలి మీద లేచి, నెమ్మదిగా కూర్చోండి. ఒక్కో కాలితో 8 సార్లు రావాలి. చివర్లో ధబ్బున పడిపోతున్నారంటే ఆ సారి లెక్కలోకి రాదు.

తర్వాత గోడకి వేళ్ళు ఆనించి ఒంటికాలి మీద మడమ ఎత్తండి. ఒక్కో కాలికి 20 రావాలి. చాలామందికి 12 దగ్గరే పిక్క వణుకుతుంది.

మూడోది మెట్టు మీద. ఒక కాలు మెట్టు అంచున ఉంచి, రెండో మడమని కింద నేలకి తాకించి మళ్ళీ పైకి రండి. ఎదురుగా అద్దమో, ఫోన్ కెమెరానో పెట్టుకోండి. మీరు చూడాల్సింది ఒక్కటే: దిగుతున్నప్పుడు మోకాలు కాలి రెండో వేలి మీదుగా తిన్నగా వెళ్తోందా, బొటనవేలు దాటి లోపలికి వాలిపోతోందా? లోపలికి వాలే మోకాలు మెట్టు మీదే అలా ఉంటే, రీబౌండ్‌కి (గురితప్పి తిరిగొచ్చే బంతికి) ఎగిరి దిగేటప్పుడు ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆడవాళ్ళు దీన్ని ఇంకాస్త శ్రద్ధగా చూసుకోవాలి. మోకీలు మధ్యలో ఎముకల్ని కట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగే ప్రమాదం వాళ్ళకి మగవాళ్ళకన్నా ఎక్కువ.

ఈ మూడూ రాకపోతే దిగులుపడక్కర్లేదు. ఇవే వ్యాయామాలు కూడా.

మ్యాచ్ చూస్తూ కాలు గట్టిచేసుకోవడం

ఒక్కో ఎన్‌బీఏ జట్టు సీజన్లో 82 మ్యాచులు ఆడుతుంది, అక్టోబరు చివర నుంచి ఏప్రిల్ మధ్యదాకా. అంటే వారానికి మూడు, ఒక్కోసారి నాలుగు. కండకి కావలసింది కూడా వారానికి మూడు రోజుల పనే, మధ్యలో ఒక్కో రోజు విరామంతో. ఇంతకన్నా మంచి టైమ్‌టేబుల్ ఏ జిమ్మువాడూ ఇవ్వడు.

మ్యాచ్‌లో నాలుగు క్వార్టర్లు. ఒక్కోదాని గడియారం 12 నిమిషాలే అయినా టైమవుట్లు, ఫౌళ్ళు, రివ్యూలు కలిపి చాలాసేపు సాగుతుంది. ఆ ఖాళీలన్నీ మీవే.

మొదటి క్వార్టర్లో గోడకుర్చీ. వీపు గోడకి ఆనించి, తొడలు నేలకి పూర్తిగా సమాంతరం అయ్యేదాకా దిగకుండా కాస్త పైనే ఆగి, 45 సెకన్లు. ఇలా 5 సార్లు, మధ్యలో రెండేసి నిమిషాలు ఆగి. చిప్ప కింద టెండన్ నొప్పి ఉన్నవాళ్ళకి ఇది నొప్పినీ తగ్గిస్తుంది. అందుకే దీన్నే ముందు పెట్టాలి.

రెండో క్వార్టర్లో మడమలెత్తడం. మెట్టు అంచు మీద నిలబడి, ఎత్తడానికి ఒక సెకను, దించడానికి మూడు సెకన్లు. ఒక్కో కాలికి 12 చొప్పున 3 దఫాలు. దించేటప్పటి ఆ మూడు సెకన్లే అసలు పని. తొందరపడి దించేస్తే సగం ఫలితం పోయినట్టే.

హాఫ్ టైమ్ 15 నిమిషాలు. మెట్టు దిగే వ్యాయామం ఇక్కడ: కాలికి 8 చొప్పున 3 దఫాలు. మొదటి రెండు వారాలూ లావుపాటి పుస్తకమంత ఎత్తు చాలు. తర్వాత మామూలు మెట్టు. నాలుగో వారం నుంచి వీపున బ్యాగు, అందులో 5 కిలోల బియ్యం సంచి. ఆరో వారానికి 10 కిలోలు. నొప్పి పదికి మూడు దాటితే ఒక వారం వెనక్కి.

మూడో క్వార్టర్లో వెల్లకిలా పడుకుని, ఒంటికాలి మీద నడుము ఎత్తడం, 10 చొప్పున 3. నాలుగో క్వార్టర్లో ఏమీ వద్దు, మ్యాచ్ చూడండి. స్కోరు దగ్గరగా ఉన్నప్పుడు ఎవరూ సరిగ్గా చెయ్యలేరు.

స్కూల్లో మాస్టారు తీయించిన గుంజీళ్ళు గుర్తొచ్చి వందేసి తీసే మహానుభావులున్నారు. వద్దు. వడివడిగా లోతుకి దిగి లేచే గుంజీళ్ళు చిప్ప వెనక రాపిడి ఉన్నవాళ్ళకి నిప్పులో నెయ్యి పోసినట్టు.

ఈ పని 8 వారాలు. దీంతోపాటు వారానికి మూడుసార్లు బీచ్ రోడ్డు మీద అరగంట చురుకైన నడక. రోడ్డు మీదే, ఇసకలో కాదు. అలల అంచున తడి ఇసక గట్టిగానే ఉంటుంది కానీ సముద్రంవైపు వాలుగా ఉంటుంది. ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది, మోకాలు పక్కకి గుంజుతుంది. పొడి ఇసకేమో పిక్కనీ మడమ వెనక టెండన్‌నీ లాగేస్తుంది. కైలాసగిరి మెట్లెక్కడం మంచిదే, దిగేటప్పుడు మాత్రం రోప్‌వే ఎక్కండి. మోకాలిని ఏడిపించేది దిగడమే.

ఏ జట్టు అభిమానులకి ఎంత నిద్ర

నిద్ర సంగతి ఎవరూ పట్టించుకోరు గానీ, మోకాలి దెబ్బల వెనక నిద్రలేమి కూడా ఉంటుంది. నిద్ర చాలని కాలు ఆలస్యంగా స్పందిస్తుంది. దిగేటప్పుడు అర సెకను ఆలస్యమైతే చాలు.

అమెరికావాళ్ళు నవంబరు మొదటి ఆదివారం గడియారం వెనక్కి, మార్చి రెండో ఆదివారం ముందుకి తిప్పుతారు. చలికాలంలో న్యూయార్క్‌కీ మనకీ పదిన్నర గంటల తేడా, మిగతా కాలం తొమ్మిదిన్నర. వాళ్ళ రాత్రి ఏడున్నర మ్యాచ్ జనవరిలో మనకి పొద్దున 6కి, ఏప్రిల్లో 5కే. పడమటి తీరం జట్లు లేకర్స్, వారియర్స్ సొంతూళ్ళో రాత్రి ఏడుకి ఆడితే చలికాలంలో మనకి ఎనిమిదిన్నర, కాఫీ టిఫిన్ అయ్యాకే. తూర్పు తీరం జట్లు సెల్టిక్స్, నిక్స్ అభిమానులకి ఆ అదృష్టం లేదు.

కాబట్టి ఒక నియమం: ఐదింటికి లేచి చూసిన రోజు సాయంత్రం గేమ్ ఆడకండి. ఇంటి వ్యాయామం చాలు. ఆడే రోజున రీప్లే చూడండి. ఎన్‌బీఏ మ్యాచులు చూపించే లీగ్ పాస్ యాప్‌లో స్కోర్లు దాచే ఏర్పాటుంది. వాట్సాప్ గ్రూపుని మాత్రం మీరే మ్యూట్ చేసుకోవాలి. అక్కడ ఎవడో ఒకడు ఫైనల్ స్కోరు పెట్టకుండా ఉండలేడు.

బూట్లు, నేల

విశాఖలో మనకి దొరికేవి ఎక్కువగా సిమెంటు కోర్టులే, కాలనీ పార్కులో అయినా స్కూలు గ్రౌండులో అయినా. సిమెంటు అణగదు. ఆ పని బూటే చెయ్యాలి. చెక్క కోర్టు కోసం చేసిన పల్చటి మెత్తటి రబ్బరు అడుగు సిమెంటు మీద నెలల్లోనే అరిగిపోతుంది. అవుట్‌డోర్ కోర్టుకని గట్టి రబ్బరు, లోతైన గీతలు ఉన్నది తీసుకోండి. సాయంత్రం పూట, ఆడేటప్పుడు వేసుకునే సాక్సుతో వెళ్ళి చూసుకోండి. అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. కాలి బొటనవేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, మడమ మాత్రం లేవకూడదు. జాగింగ్ బూట్లతో ఆడకండి. వాటి మడమ ఎత్తు ఎక్కువ, పక్కకి కోసుకుంటూ వెళ్తే పాదం మడత పడుతుంది. అటకమీది పాత బూట్లూ వద్దు. పైకి కొత్తగానే ఉంటాయి గానీ మన తేమకి లోపలి నురుగు గట్టిపడి, జిగురు వదిలేసి ఉంటుంది. అడుగు ఊడి చేతికొచ్చేది సరిగ్గా లేఅప్‌కి (పరిగెత్తుకెళ్ళి రింగు దగ్గర ఎగిరి వేసే షాట్‌కి) ఎగిరినప్పుడే.

కోర్టులో అడుగుపెట్టగానే బూటు అడుగుని నేల మీద గట్టిగా రుద్దండి. కీచుమంటే మంచి పట్టు. సర్రుమని జారితే ఇసకో, మంచు తేమో, వానాకాలమైతే పాచో ఉన్నట్టు. సముద్రపు గాలికి ఎగిరొచ్చిన సన్నటి ఇసక కంటికి కనిపించదు. కోర్టు మూల ఒక చీపురు పెట్టుకోండి. రింగు కింద, ఫ్రీత్రో గీత (ఫౌల్ అయితే షాట్ వేసే గీత) దాకా ఐదు నిమిషాలు ఊడిస్తే వార్మప్ కూడా సగం అయిపోతుంది. మీ పేటలో ఇండోర్ స్టేడియం ఉంటే చెక్క నేల ఉందేమో, ఏ వేళల్లో ఇస్తారో ఒకసారి కనుక్కోండి. నెలకి రెండుసార్లు దొరికినా మోకాలికి పండగే.

కోర్టులో మొదటి ఆరు వారాలు

ఇంటి పని 8 వారాలు అయ్యాక కోర్టు. వారానికి రెండు రోజులే, మధ్యలో కనీసం రెండు రోజుల ఎడం. ప్రతిసారీ ముందు 12 నుంచి 15 నిమిషాలు ఒళ్ళు వేడిచెయ్యడం: నడక, మెల్లటి పరుగు, పక్కకి జరగడం, వెనక్కి నడవడం. నిలబడి కాలు పట్టుకుని సాగదీయడం ఆట అయ్యాకే.

మొదటి రెండు వారాలూ ఒక్క గెంతు కూడా లేదు. రింగుకి రెండు మీటర్ల దూరం నుంచి మొదలెట్టి, పాదాలు నేల వదలకుండా 100 షాట్లు. పెద్ద బంతి అటూఇటుగా 600 గ్రాములు ఉంటుంది. కాళ్ళు వాడకుండా దూరం నుంచి విసిరితే భుజం పట్టేస్తుంది కాబట్టి ఫ్రీత్రో గీత దాటి వెనక్కి వెళ్ళొద్దు. ఆడవాళ్ళు 6వ నంబరు బంతి వాడండి, అది చిన్నది, తేలిక. డ్రిబుల్ చేస్తూ (బంతిని నేలకి కొడుతూ) నడక, పివట్ (ఒక పాదం కదల్చకుండా తిరగడం), పాస్. అంతే. విసుగ్గానే ఉంటుంది.

మూడో వారంలో దిగడం నేర్చుకోవాలి. అవును, ఎగరడం కాదు. అరడుగు ఎత్తు మాత్రం ఎగిరి రెండు కాళ్ళ మీదా దిగండి. ముందు పాదం ముందు భాగం, వెంటనే మడమ. పిర్రలు వెనక్కి, కుర్చీలో కూర్చోబోతున్నట్టు. మోకాళ్ళు వేళ్ళ మీదుగా. కొలత చెవే: మీరు దిగిన చప్పుడు పక్కనున్నవాళ్ళకి వినిపించకూడదు. ధబ్ అని వినిపించిందంటే ఆ బరువంతా కండ ఆపుకోలేదు, కీలు మోసింది. రోజుకి 20 దిగుళ్ళు. నాలుగో వారం 30.

బ్రేకు కూడా ఇప్పుడే. పరిగెడుతూ ఒక్క కాలు గుంజలా పాతి ఆగడం కుర్రతనం అలవాటు. మూడు పొట్టి అడుగులు వేసి, నడుము కిందకి దించి ఆగండి. మోకాలు తిన్నగా బిగిసి ఉండగా తిరక్కండి. ముందు పాదం తిప్పి, తర్వాత ఒళ్ళు.

ఐదో వారం లేఅప్‌లు, నడక వేగంతో, రెండు కాళ్ళ మీద దిగుతూ. గెంతులు 40. ఆరో వారం హాఫ్ కోర్టులో ముగ్గురేసి ఆట, ఒక్క గేమ్. అంతర్జాతీయ 3x3 నియమాలు మన మోకాళ్ళ కోసమే రాసినట్టుంటాయి: 10 నిమిషాలు లేదా 21 పాయింట్లు, ఏది ముందైతే అది. 28 మీటర్ల కోర్టు ఆ చివరి నుంచి ఈ చివరికి పరిగెత్తే పని లేదు. ఒక్కటే ఇబ్బంది, అక్కడ షాట్‌కి 12 సెకన్లే. సరదా ఆటలో ఆ నియమం తీసేయండి.

ఆడుతూ గెంతులు ఎలా లెక్కపెడతారు? లెక్కపెట్టలేరు. ఫోన్‌ని బెంచీ మీద నిలబెట్టి ఒక్క గేమ్ రికార్డు చెయ్యండి. ఇంటికెళ్ళి, మీరు నేల వదిలిన ప్రతిసారికీ ఒక చింతపిక్క పక్కన పెట్టండి. గేముకి ఎన్నో తెలిసిపోతుంది, ఇక రోజూ లెక్క అక్కర్లేదు. పిక్కలు 30 వస్తే, రోజుకి 40 బడ్జెట్ ఉన్న వారంలో రోజుకి ఒక్క గేమే మీ కోటా. ఆపైన వారానికి పదో వంతుకి మించి పెంచకండి. ఫుల్ కోర్టు కావాలంటే కనీసం మూడు నెలల తర్వాత చూడొచ్చు. చాలామందికి హాఫ్ కోర్టే చాలనిపిస్తుంది.

ఎవర్ని చూసి నేర్చుకోవాలి

ఫ్లోటర్లూ (ఎగిరి పైకి తేల్చే షాట్లు) డంకులూ (ఎగిరి రింగులోకి కుక్కే షాట్లు) చూసి ఆనందించండి, అనుకరించకండి. నికోలా యోకిచ్‌ని మాత్రం నోటుబుక్కు పెట్టుకుని చూడండి. ఎంవీపీ అంటే విశాఖలో మనకి కాలనీ. అతనికి 2021, 2022, 2024ల్లో మూడుసార్లు వచ్చిన, సీజన్లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు. 2023లో డెన్వర్ నగ్గెట్స్‌కి టైటిల్ తెచ్చిపెట్టాడు. లీగ్‌లో తక్కువ ఎగిరేవాళ్ళలో ఒకడు. రీబౌండ్‌కి అతను ఎగరకముందే పిర్రతో జాగా కట్టేసుకుంటాడు. బంతి వచ్చేసరికి పక్కవాడు వెనకే ఉంటాడు. ఆ పని మనకీ చేతనవుతుంది. షాట్ పడగానే బంతివైపు కాక, మీ మనిషివైపు తిరిగి వీపు ఆనించండి, తర్వాతే రింగు చూడండి.

టిమ్ డంకన్ బోర్డు షాట్ కూడా అలాంటిదే. రింగుకి పక్కగా, 45 డిగ్రీల కోణంలో నిలబడి బోర్డు మీది దీర్ఘచతురస్రం పై మూలకి కొట్టండి. ఎగరక్కర్లేదు. ఆ డంకన్‌ని 2012 మార్చిలో ఒక మ్యాచ్‌కి విశ్రాంతిగా కూర్చోబెట్టినప్పుడు, అతని జట్టు స్పర్స్ బాక్స్ స్కోరులో (ఎవరెంత ఆడారో రాసే పట్టికలో) ఆడకపోవడానికి కారణం "ముసలితనం" అని రాశారు. అందరూ నవ్వారు, ఆ తర్వాత 2014లో అతను టైటిల్ గెలిచాడు. కుర్రాళ్ళు "అంకుల్, ఇంకో గేమ్" అని పిలిచినప్పుడు మీ బాక్స్ స్కోరులో కూడా అదే రాసుకుని నీళ్ళు తాగండి.

2025 ప్లేఆఫ్స్‌లో (సీజన్ తర్వాతి నాకౌట్ దశలో) లిలార్డ్, టేటమ్, హాలిబర్టన్ అనే ముగ్గురు స్టార్లకీ మడమ వెనక అకిలీస్ టెండన్ తెగింది. ఎవరూ ఢీకొట్టలేదు, ముందుకి తోసుకోవడానికి కాలు తన్నినప్పుడు తెగింది. హాలిబర్టన్‌కి అంతకుముందే పిక్క పట్టేసి ఉంది. ఫైనల్స్ ఏడో మ్యాచ్ అతనికి వదులుకోలేనిది. మీ ఆదివారం గేమ్ వదులుకోవచ్చు. పిక్క బిగుసుకున్న రోజు, పొద్దున మడమ వెనక గట్టిగా ఉన్న రోజు ఆడకండి.

ఆట అయ్యాక, మర్నాడు పొద్దున

నొప్పి కన్నా వాపు నిజం చెబుతుంది. మర్నాడు మంచం మీదే కాలు చాపి, తొడ వదులుగా ఉంచండి. చిప్ప లోపలి పక్కన అరచేత్తో కింద నుంచి పైకి రెండుమూడుసార్లు నిమరండి. తర్వాత బయటి పక్కన పై నుంచి కిందకి ఒక్కసారి నిమరండి. లోపలి పక్కన గుంటలో చిన్న నీటి అల ఉబికిందా? అయితే కీల్లో నీరు చేరింది, నిన్నటి ఆట ఎక్కువైంది. అది పూర్తిగా పోయేదాకా కోర్టు బంద్, ఇంట్లో గోడకుర్చీ మాత్రమే. తిరిగి వెళ్ళేటప్పుడు గెంతులు సగానికి. రెండు వారాలైనా తగ్గకపోతే డాక్టరు.

వాపు లేదు, నొప్పి పదికి మూడు లోపు, 24 గంటల్లో మామూలైపోయింది అంటే ఆ మోతాదు సరిపోయిందన్నమాట.

ఐసు బట్టలో చుట్టి 15 నిమిషాలు. నొప్పి తగ్గుతుంది, అంతకుమించి ఏమీ చెయ్యదు. బామ్ రాసుకుంటే వెచ్చగా ఉంటుంది, అదీ అంతే. నియోప్రీన్ (రబ్బరు లాంటి గుడ్డ) మోకాలి తొడుగు వేడి పట్టి ఉంచి ధైర్యం ఇస్తుంది. బిగువు ఎక్కువైతే పాదం తిమ్మిరెక్కుతుంది కాబట్టి టేపుతో కొలిచే కొనండి. ఆటకి ముందు నొప్పి మాత్ర వేసుకోవడం మాత్రం పొరపాటున కూడా చెయ్యకండి. వద్దని చెప్పే గొంతు నొక్కేసి ఆడినట్టే. పైగా చెమటోడి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు కిడ్నీల మీద పడతాయి.

బరువు కూడా లెక్కే. ఒక కిలో తగ్గితే నడకలో అడుగడుక్కీ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. రాత్రి అన్నం ఒక గరిటె తగ్గించి, గుడ్డో, పెసరట్టో, చేపముక్కో కలపండి. కండ కట్టడానికి మాంసకృత్తులు కావాలి.

సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఆషాఢ పున్నమి ఉన్న వారం, ఆ తర్వాతి వారం కూడా కోర్టుకి సెలవు. రెండూ కలిపితే మోకాలు ఊరుకోదు.

ఎన్‌బీఏ ఫైనల్స్ జూన్లో వస్తాయి. మ్యాచులు మనకి పొద్దున ఆరు ప్రాంతాల మొదలవుతాయి, అంటే కోర్టుకి వెళ్ళాల్సిన చల్లటి వేళ టీవీ ముందే గడిచిపోతుంది. ఎనిమిదిన్నరకి మ్యాచ్ అయ్యాక ఆ ఉక్కపోతలో వెళ్ళి ఆడకండి. సాయంత్రం ఆరు దాటాక, సముద్రం మీది గాలి తిరిగాక వెళ్ళండి. అర లీటరు మజ్జిగలో అరచెంచా ఉప్పు కలిపి సీసాలో పోసుకోండి (బీపీ ఉంటే ఉప్పు సంగతి డాక్టర్ని అడిగి), ఇంకో సీసా మంచినీళ్ళు. చొక్కా రెండోది కూడా పట్టుకెళ్ళండి. తడిసిన చొక్కా నుంచి చెమట చుక్కలు కారి రింగు కిందే పడతాయి, రీబౌండ్‌కి దిగే పాదం కింద.